నీళ్లలో దాక్కున్న రాయి: పల్నాడు గీజర్ మెకానిక్ పని మీద ఒక పాఠం

ఇంటిని వెచ్చబెట్టే యంత్రం అంటే మన పల్నాడులో ఎవరైనా నవ్వుతారు. ఎండాకాలం వచ్చిందంటే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినపడాల్సిందే. అలాంటి జిల్లాలో ఇంటిని ఇంకా వేడి చేయడం దేనికి? బ్రిటన్‌కో అమెరికాకో వెళ్లిన సీనియర్లకి ఈ బాధ తెలుస్తుంది. అక్కడ జనవరిలో బాయిలర్ ఆగిపోతే ఇల్లంతా చలిలో వణుకుతుంది, మెకానిక్ దేవుడిలా కనపడతాడు. మనకి వేడి కావాల్సింది ఒక్క స్నానానికే. బకెట్లో పెట్టే హీటర్ రాడ్, గోడకి గీజర్, పల్లెల్లో రాగి బాయిలర్, డాబా మీద సోలార్. మన ఇళ్లల్లో హీటింగ్ సిస్టమ్ అంటే ఇంతే. వీటిని బాగుచేసేవాళ్లు రోజూ దేనితో కుస్తీ పడుతున్నారో చెప్పడానికే ఈ వ్యాసం. కొంచెం కెమిస్ట్రీ ఉంటుంది, భయపడకండి.

శ్రీనాథుడి పేరు మీద పల్నాటిని వెక్కిరించే చాటుపద్యం ఒకటి ఉంది కదా. అందులో ఇక్కడి రాళ్లనీ, నాగులేటి నీళ్లనీ పక్కపక్కనే నిలబెట్టి ఎగతాళి చేశాడు. క్లబ్బు మీటింగులో ఎవరు చదివినా మనం నవ్వేసి చప్పట్లు కొడతాం. గీజర్ మెకానిక్‌ని అడిగితే మాత్రం ఆ రెండూ వేర్వేరు వస్తువులు కావంటాడు. రాయి నీళ్లలోనే ఉంది, కరిగిపోయి ఉంది కాబట్టి కంటికి కనపడదు.

మన నేల కింద చాలాచోట్ల సున్నపురాయి ఉంది. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958లోనే వచ్చిందన్నా, పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు వెలిశాయన్నా కారణం ఆ రాయే. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ పులుపు సున్నపురాయిని మెల్లగా కరిగించి కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చుకుని కిందికి దిగుతుంది. బోరు వేసి మనం పైకి తోడేది ఆ నీళ్లనే. గ్లాసులో పోస్తే తేటగా ఉంటాయి. వేడి చేసి చూడండి: కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, దాంతోపాటు కరిగి ఉండే శక్తి పోతుంది, కాల్షియం కార్బొనేట్ మళ్లీ రాయిగా పేరుకుంటుంది. మామూలుగా పంచదారైనా ఉప్పైనా వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతాయి. ఇది తిరగబడ్డ సరుకు. ఎంత వేడి చేస్తే అంత బయటికొస్తుంది, అదీ అన్నిటికంటే వేడిగా ఉన్న చోటే, అంటే కాయిల్ మీదే అతుక్కుంటుంది.

దీన్ని మేం టెన్త్‌లో టెంపరరీ హార్డ్‌నెస్ అని చదివాం. తెలుగు మీడియం వాళ్లు తాత్కాలిక కఠినత్వం అని చదివారు. పేటలో మెకానిక్ "సున్నం పట్టింది" అంటాడు, ఇంకొందరు "ఉప్పు పట్టింది" అంటారు. లెక్క ప్రకారం అది సున్నం కాదు, సున్నం కాకముందు ఉన్న రాయి. పిడుగురాళ్ల బట్టీలో రాయిని కాల్చి అందులోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్లగొడితే సున్నం వస్తుంది. మన బాత్‌రూముల్లో నీళ్లని కాచి, అదే కార్బన్ డయాక్సైడ్‌ని వెళ్లగొట్టి రాయిని తయారుచేస్తున్నాం. పిడుగురాళ్లలో రాయి పోతుంది, మన గీజర్లో రాయి పుడుతుంది. నాకైతే "సున్నం పట్టింది" అన్న మాటే నచ్చింది, కొంచెం తప్పైనా సరే.

ఎంత పుడుతుంది? తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల కఠినత్వం వరకు మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 వరకు ఒప్పుకోవచ్చు. మనం తక్కువలో తక్కువగా, లీటరు నీళ్లు కాగినప్పుడు 100 మిల్లీగ్రాములే రాయిగా దిగుతుందనుకుందాం. నలుగురున్న ఇంట్లో రోజుకి 100 లీటర్ల వేడినీళ్లు వాడితే రోజుకి 10 గ్రాములు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఓ వంద రోజులు వేసుకుంటే కిలో రాయి. ఇది నా లెక్క, మీ బోరు లెక్క వేరుగా ఉండొచ్చు. కానీ గీజర్ కింద ప్లేటు విప్పగానే తెల్లటి పెచ్చులు దోసిళ్లకొద్దీ రాలడం చూస్తే ఈ అంకె అతిశయంగా అనిపించదు.

కాలువ నీళ్ల సంగతి వేరు. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టులో కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువకి జవహర్ కాలువ అని పేరు పెట్టారు. మన జిల్లాలో పంటల చరిత్రని మార్చిన ఈ కాలువ గీజర్ల చరిత్రని కూడా కొంత మార్చిందని ఎవరూ రాయరు. సాధారణంగా కృష్ణ నీళ్లలో బోరు నీళ్లంత రాయి ఉండదు. అందుకే ఒకే ఊళ్లో, ఒకే కంపెనీ గీజర్ ఒక వీధిలో ఏళ్లపాటు నోరెత్తకుండా పనిచేస్తుంది, బోరు మీద బతికే పక్క వీధిలో రెండో చలికాలానికే మొరాయిస్తుంది. అనుభవమున్న మెకానిక్ ఫోనులో మొదట అడిగేది కంపెనీ పేరు కాదు, "మీది బోరా, కుళాయా అమ్మా?" అని.

ఇప్పుడు కాయిల్ లోపలికి పోదాం. బయట కనిపించేది రాగితోనో వేరే మిశ్రలోహంతోనో చేసిన గొట్టం. లోపల సన్నటి నైక్రోమ్ తీగ. ఆ రెంటికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గట్టిగా కూరి ఉంటుంది. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటుని పోనివ్వదు. గొట్టం మీద రాయి పట్టినప్పుడు ఏమవుతుందో ఒక చిన్న లెక్క వేద్దాం. 2,000 వాట్ల కాయిల్‌కి ఉపరితలం 200 చదరపు సెంటీమీటర్లనుకుంటే, చదరపు సెంటీమీటరుకి 10 వాట్ల వేడి బయటికి రావాలి. ఈ రాయి వేడిని పోనిచ్చే శక్తి రాగితో పోలిస్తే కొన్ని వందల రెట్లు తక్కువ. ఒక మిల్లీమీటరు పెచ్చు దాటించాలంటే లోపలి గొట్టం సుమారు 100 డిగ్రీలు అదనంగా వేడెక్కాలి. మూడు మిల్లీమీటర్లైతే 300. నీళ్లు 50 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటాయి, కాయిల్ మాత్రం లోపల మాడిపోతుంటుంది. ఒక రోజు గొట్టం చీలుతుంది, లేదా తీగ తెగుతుంది.

ఇక్కడ అందరూ చెప్పే మాట ఒకటి సరిచేయాలి. సున్నం పడితే కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందంటారు. నీళ్లలో మునిగి ఉన్న కాయిల్ విషయంలో అది పెద్దగా నిజం కాదు. కాయిల్‌లో పుట్టిన వేడికి నీళ్లలోకి పోవడం తప్ప వేరే దారి లేదు. పెచ్చు దాటడానికి ఎక్కువ ఉష్ణోగ్రత కావాలి గానీ, చివరికి చేరేది నీళ్లకే. నష్టం బిల్లులో కనపడదు, కాయిల్ ఆయుష్షులో కనపడుతుంది. రాగి బాయిలర్ కథ దీనికి తేడా. దాని మధ్యలో పొయ్యి గొట్టం ఉంటుంది, పత్తికట్టె, కొబ్బరి డొక్కలు వేసి మంట పెడతారు, చుట్టూ నీళ్లు. గొట్టానికి నీళ్ల వైపు పెచ్చు మందమయ్యేకొద్దీ కొంత వేడి నీళ్లలోకి పోలేక పొగతో పాటు పైకి పోతుంది. అక్కడ కట్టెలు నిజంగానే ఎక్కువ ఖర్చవుతాయి. ఈ బాయిలర్‌కి చిల్లుపడితే మాటు వేసేవాళ్లు ఒకప్పుడు ఊరూరా తిరిగేవాళ్లు. ఇప్పుడు వాళ్లని వెతుక్కుంటూ మనమే పోవాలి.

మెకానిక్‌కి వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది "నీళ్లు త్వరగా కాగట్లేదు." వినగానే కాయిల్ మార్చేసే మెకానిక్ ఒక రకం. మీటరు తీసి ముందు వోల్టేజీ చూసేవాడు ఇంకో రకం. 15 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 2,000 వాట్ల గీజర్‌కి 18 నిమిషాలు చాలు, అది 230 వోల్టులు ఉన్నప్పుడు. తెల్లారి ఊరంతా మోటార్లూ గీజర్లూ ఒకేసారి వేసేసరికి మీ ఇంటికి 190 వచ్చిందనుకోండి. కాయిల్ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోతుంది. 2,000 వాట్లు కాస్తా 1,365 అవుతుంది, 18 నిమిషాలు 27 అవుతాయి. కొత్త కాయిల్ వేసినా అదే 27. ఇంకో ఫిర్యాదు "నీళ్లు వేడిగానే ఉన్నాయి గానీ సగం బకెట్‌కే చల్లబడుతున్నాయి." దీనికి అడుగున పేరుకున్న రాయి కారణం కావచ్చు. ట్యాంకులో చోటు అది ఆక్రమిస్తుంది, థర్మోస్టాట్ కడ్డీ ఆ పెచ్చుల్లో కూరుకుపోయి ఉంటే పైనున్న నీళ్లు కాగకముందే "అయిపోయింది" అనుకుని కరెంటు తీసేస్తుంది. తప్పుడు ఇన్‌పుట్ ఇస్తే ఏ ప్రోగ్రామైనా తప్పుడు అవుట్‌పుటే ఇస్తుంది కదా.

చలి మొదలైన మొదటి వారం వీళ్లకి పండగా, పరీక్షా. ఎనిమిది నెలలు గీజర్ ముఖం చూడనివాళ్లందరూ ఒకే రోజు స్విచ్ వేస్తారు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు చన్నీళ్లే కాబట్టి ఫోన్ చేయరు, మిగతా అందరూ చేస్తారు. "స్విచ్ వేయగానే ఇంటి కరెంటంతా ట్రిప్ అవుతోంది." కాయిల్ గొట్టంలో ఉన్న మెగ్నీషియం ఆక్సైడ్ పొడికి తేమని పీల్చుకునే గుణం ఉంది. కొసల దగ్గర సీలు వదులైతే, వాడకుండా పెట్టిన నెలల్లో గాలిలో తేమ లోపలికి చేరుతుంది, కరెంటు కొద్దికొద్దిగా గొట్టానికి లీకవుతుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే అది పట్టుకుని ఆపేస్తుంది. లేకపోతే ఎవరూ పట్టుకోరు, స్నానం చేస్తున్నవాళ్లకే తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మెకానిక్ వృత్తిలో ఎక్కువసార్లు వినపడే అభ్యర్థన "అన్నా, పొద్దున్నే పిల్లలకి స్కూలు, ప్రస్తుతానికి డైరెక్ట్ ఇచ్చెయ్." అంటే పాడైన థర్మోస్టాట్‌ని పక్కన పెట్టి రెండు వైర్లూ నేరుగా కాయిల్‌కి కలిపేయమని. అయిదు నిమిషాల పని. నీళ్లు కాగుతాయి, ఇంటామె సంతోషిస్తుంది, మెకానిక్‌కి మంచి పేరు. "లేదమ్మా, పార్టు తెచ్చి రేపు వేస్తా" అన్నవాడికి పని రానట్టు లెక్క.

గీజర్‌లో కాపలాకి మూడు అంచెలుంటాయి. మొదటిది థర్మోస్టాట్, నీళ్లు అనుకున్న వేడికి రాగానే కరెంటు ఆపుతుంది. అది అతుక్కుపోతే రెండోది థర్మల్ కటౌట్, ఇంకా పై ఉష్ణోగ్రత దగ్గర తెగుతుంది. చాలా మోడళ్లలో చిన్న బటన్ నొక్కితే గానీ మళ్లీ కలవదు. అదీ పోతే మూడోది ప్రెషర్ వాల్వ్, లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లని బయటికి వదులుతుంది. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే ఒకదాని వెనక ఒకటి పెట్టిన ఎక్సెప్షన్ హ్యాండ్లర్లు. డైరెక్ట్ ఇవ్వడమంటే ఎర్రర్ వస్తోందని చెక్ చేసే లైన్లన్నీ కామెంట్ చేసి ప్రోగ్రాం రన్ చేయడమే. మన ల్యాబ్‌లో అయితే మార్కులు పోతాయి. అక్కడ కాయిల్ ఆగకుండా కాగుతూనే ఉంటుంది, చివరికి మిగిలేది ఒక్క వాల్వ్.

ఆ వాల్వ్‌కి కూడా మన నీళ్లలో సున్నం పడుతుంది. స్ప్రింగ్ కదలకుండా బిగుసుకుపోతుంది. దానికి తోడు ఇంట్లోవాళ్లు చేసే పని ఒకటుంది: వాల్వ్ దగ్గర చుక్కలు పడుతున్నాయని, లీకేజీ అనుకుని, మూత పెట్టి బిగించేస్తారు. చుక్కలు పడటం చాలాసార్లు దాని ఉద్యోగం. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకి వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తాయి. నీళ్లు వెనక్కి పోకుండా అడ్డుకునే వాల్వ్ ఉన్న గీజర్లో ఆ గ్లాసెడు నీళ్లు ఎటు పోవాలి? ఆ కంతలోంచే. దాన్ని మూసేసి, థర్మోస్టాట్ తీసేసి, కటౌట్ దాటేస్తే గోడకి తగిలించింది గీజర్ కాదు, బాంబు. 100 డిగ్రీలు దాటి ఒత్తిడిలో ఉన్న నీళ్లు ట్యాంకు పగలగానే క్షణంలో ఆవిరవుతాయి. మామూలు గాలి ఒత్తిడి దగ్గర లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. అందుకే "డైరెక్ట్ ఇవ్వను" అనే మెకానిక్ మీద మనం విసుక్కోకూడదు. ఆ రోజు కిరాణా కొట్టు నుంచి హీటర్ రాడ్ తెచ్చుకున్నా ఫర్వాలేదు.

రాడ్ అన్నాను కాబట్టి దాని సంగతి కూడా. హాస్టల్లో మనందరి స్నేహితుడు. 1,500 వాట్ల రాడ్ 20 లీటర్ల బకెట్‌ని 20 డిగ్రీలు వేడెక్కించడానికి 19 నిమిషాలు తీసుకుంటుంది. అందులో కాపలాకి సాధారణంగా ఒక్క అంచె కూడా ఉండదు. రాయి పట్టి గొట్టం చీలితే కరెంటు నేరుగా నీళ్లలోకే. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, కాబట్టి కరెంటుకి రహదారి. ప్లాస్టిక్ బకెట్ అయితే ఆ కరెంటు నేలకి పోయే దారి లేక నీళ్లలోనే పొంచి ఉంటుంది, మనం చెయ్యి పెట్టినప్పుడు మనమే దారి అవుతాం. కాగాయో లేదో చూడాలంటే స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయటికి తీసి, అప్పుడు వేలు పెట్టాలి. వీళ్లంతా చెప్పే రెండో మాట ఎర్త్. రాతి నేల కరెంటుని సులువుగా తీసుకోదు, నాపరాయి తగిలిన చోట గొయ్యి తవ్వడమే గగనం. బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్లు పోస్తూ ఉంటే గానీ ఎర్త్ పనిచేయదు. ఎండాకాలమంతా ఎండిపోయిన గొయ్యి మీద చలికాలం గీజర్ భారం వేస్తాం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించమని మెకానిక్ అంటే, సరుకు అమ్ముకోవడానికి అంటున్నాడని అనుకుంటాం.

గ్యాస్ గీజర్ గురించి ఒక్క మాట. దాన్ని మూసిన బాత్‌రూములో పెట్టించమంటే మంచి మెకానిక్ పెట్టడు. గాలి చాలకపోతే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. బ్రిటన్‌లో అయితే గ్యాస్ బాయిలర్ పని చేసేవాళ్లు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి, 2009 నుంచి అక్కడ అదే పద్ధతి. లండన్ నీళ్లు కూడా మన నీళ్లలాంటివే, కింద సుద్దరాయి నేల, వాళ్ల కెటిల్స్‌లో కూడా తెల్ల పెచ్చులే. రోగం ఒకటే గానీ, వైద్యుడికి అక్కడ పట్టా అడుగుతారు. ఇక్కడ ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివినవాళ్లు ఉన్నారు, వైండింగ్ షాపులో చిన్నప్పుడు చేరి మోటార్లు కట్టడం నేర్చుకుంటూ గీజర్లలోకి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎండాకాలం కూలర్లు, పంట కాలం మోటార్లు, చలికాలం గీజర్లు. వీళ్లలో ఎవరు నేర్పరో తెలుసుకోవడానికి మనకున్న సర్టిఫికెట్ పక్కింటివాళ్ల మాటే.

చివరగా, రాయిని వదిలించే పని. తొందరగా అవుతుందని కొందరు బాత్‌రూము కడిగే యాసిడ్ పోస్తారు. రాయి కరుగుతుంది నిజమే, దాంతోపాటు గొట్టాన్నీ ట్యాంకునీ కూడా తింటుంది, ఆ పొగ పీల్చిన మెకానిక్ ఊపిరితిత్తుల్నీ వదలదు. నిదానస్తులు కాయిల్ విప్పి, ముందు పెచ్చుల్ని చెక్కముక్కతో రాల్చి, కరెంటు కొసలు తడవకుండా నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెడతారు. బుసబుసమని బుడగలొస్తాయి. వాన నీరు నేలలోంచి మోసుకొచ్చిన కార్బన్ డయాక్సైడే అది. అదే సమయంలో ట్యాంకులో మెగ్నీషియం కడ్డీని కూడా చూస్తారు. ఇనుము కంటే మెగ్నీషియం ముందు తుప్పుపడుతుంది కాబట్టి ట్యాంకు బదులు తను కరిగిపోవడానికే దాన్ని పెడతారు. ఉప్పు నీళ్లలో అది ఇంకా త్వరగా కరుగుతుంది. కడ్డీ అయిపోయాక కూడా పట్టించుకోకపోతే తర్వాతి వంతు ట్యాంకుదే, దానికి మాటు వేయడం ఎవరి తరమూ కాదు. డాబా మీద సోలార్ గాజు గొట్టాల్లోనూ ఇంతే, ఎండాకాలం వేడినీళ్లు ఎవరికీ అక్కర్లేక లోపలే మరిగి మరిగి అడుగున తెల్లపొడి దిగుతుంది.

ఈ పనంతా దసరా సెలవుల్లో చేయించుకుంటే మెకానిక్‌కి తీరిక ఉంటుంది, పార్టు దొరక్కపోతే గుంటూరు నుంచి తెప్పించడానికి టైం ఉంటుంది. కార్తీకం మొదటి సోమవారం తెల్లారి నాలుగింటికి ఫోన్ చేస్తే ఆయన దొరికేది కష్టమే.